కరెంటు పోయిన తరువాత: నియంత్రణ యంత్రానికి బ్యాటరీ అండ

2012 జులై 31 మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మన దేశంలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. 60 కోట్లకు పైగా ప్రజలు నివసించే ప్రాంతంలో కరెంటు పోయింది. వందల రైళ్ళు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. పశ్చిమ బెంగాల్ బొగ్గుగనుల్లో లిఫ్టులు ఆగిపోవడంతో సుమారు 200 మంది కార్మికులు భూగర్భంలో చిక్కుకున్నారు. కొన్ని గంటల తరువాత వారందరూ క్షేమంగా బయటికి వచ్చారు.

ఇంట్లో కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, దీపం ఆరుతుంది. మనకు అసౌకర్యం తప్ప పెద్ద ప్రమాదం ఉండదు. కర్మాగారంలో అలా కాదు. అక్కడ బాయిలర్‌లో నీటి మట్టాన్ని కనిపెట్టే యంత్రం, రసాయన తొట్టిలో ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే యంత్రం, వాల్వులను తెరిచి మూసే యంత్రం ఉంటాయి. వీటినే నియంత్రణ యంత్రాలు, అంటే కంట్రోలర్లు అంటాం. మోటార్లు ఆగినంత మాత్రాన బాయిలర్ చల్లబడదు, తొట్టిలో రసాయన చర్య నిలిచిపోదు. కాబట్టి కండరాలు పనిచేయకపోయినా మెదడు మేలుకొని ఉండాలి. ఆ మెదడును మేలుకొలిపి ఉంచేదే బ్యాటరీ.

డీజిల్ జనరేటర్ ఉంది కదా అని మీరు అడగవచ్చు. జనరేటర్ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. పైగా దాన్ని తిప్పి లేపడానికే బ్యాటరీ కావాలి. ఆ బ్యాటరీ ఆదుకోకపోతే జనరేటరూ లేవదు. ఎంత పెద్ద ఏర్పాటు చేసినా అందులో మొదటి మెట్టు బ్యాటరీయే.

ఈ పాఠంలో ఆ బ్యాటరీ అండ ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో, ఎక్కడ విఫలమైందో చూద్దాం. చదువుతున్నంతసేపూ మూడు ప్రశ్నలను గుర్తుంచుకోండి. కరెంటు పోయాక ఏది మేలుకొని ఉండాలి? ఎంతసేపు ఉండాలి? చివరికి బ్యాటరీ కూడా అయిపోతే యంత్రం ఏ స్థితిలో ఆగాలి? మొదటి రెండు ప్రశ్నలకు లెక్కలు ఉన్నాయి. మూడోదానికి లెక్క చాలదు, ఆలోచన కావాలి. ఈ చరిత్రంతా ఆ మూడో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

బ్యాటరీయే ప్రధాన వనరుగా ఉన్న కాలం

మొదట్లో బ్యాటరీ ఎవరికీ అండ కాదు. అదే అసలు వనరు. ఇటలీ శాస్త్రవేత్త వోల్టా 1800లో తన ఘటమాలను ప్రకటించాడు. 1836లో ఇంగ్లండులో డేనియల్ నిలకడగా కరెంటు ఇచ్చే ఘటాన్ని తయారుచేశాడు. టెలిగ్రాఫ్ వ్యవస్థ ఇలాంటి ఘటాల మీదే నడిచింది. మన దేశంలో ఓషానెస్సీ ఆధ్వర్యంలో 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య టెలిగ్రాఫ్ లైను పనిచేసిన నాటికి విద్యుత్ కేంద్రం అన్న మాటే లేదు. ఘటంలోని రసాయనం అయిపోతే మార్చి కొత్తది పోసేవారు.

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను మధ్యలో అడ్డుపొర వేసి చుట్టగా చుట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచాడు. దానికి కరెంటు ఎక్కించవచ్చు, తిరిగి తీసుకోవచ్చు, మళ్ళీ ఎక్కించవచ్చు. అదే లెడ్-ఆసిడ్ బ్యాటరీ. 1881లో కామిల్ ఫోర్ సీసపు పలకలకు సీసపు ఆక్సైడు ముద్దను పట్టించే పద్ధతి కనిపెట్టడంతో దాని తయారీ సులభమైంది. బావి లాంటి ఘటం పోయి కుండ లాంటి ఘటం వచ్చిందన్నమాట. కుండ నింపుకొని పెట్టుకుంటే అవసరానికి వాడుకోవచ్చు. అండ అనే ఆలోచనకు దారి తీసింది ఈ గుణమే.

ఆ ఆలోచనను పూర్తిగా ఆచరణలో పెట్టినవారు టెలిఫోన్ ఇంజనీర్లు. మన దేశంలో 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో టెలిఫోన్ ఎక్స్చేంజీలు మొదలైనప్పుడు ప్రతి టెలిఫోన్ దగ్గరా విడిగా ఘటాలు ఉండేవి. 1890లలో అమెరికాలో ఆ ఘటాలన్నిటికీ బదులు ఎక్స్చేంజీలో ఒకే పెద్ద బ్యాటరీ పెట్టే పద్ధతి వచ్చింది. తరువాతి కాలంలో 48 వోల్టులు వాడుకలో స్థిరపడ్డాయి. ఒక్కో లెడ్-ఆసిడ్ ఘటం సుమారు 2 వోల్టులు ఇస్తుంది కనుక 24 ఘటాలను వరుసగా కలిపితే 48 వోల్టులు వస్తాయి.

ఇక్కడ ఒక మెళకువ గమనించండి. చార్జరు, బ్యాటరీ, ఎక్స్చేంజీ ఈ మూడూ ఎప్పుడూ ఒకే తీగకు కలిసి ఉంటాయి. కరెంటు ఉన్నప్పుడు చార్జరు ఎక్స్చేంజీని నడుపుతూ బ్యాటరీని నిండుగా ఉంచుతుంది. కరెంటు పోయిన క్షణంలో ఏ స్విచ్చీ మారనక్కర లేదు. బ్యాటరీ అప్పటికే లైనులో ఉంది, అదే భారం ఎత్తుకుంటుంది. దీనినే ఫ్లోట్ పద్ధతి అంటారు. రాగి తీగల ల్యాండ్‌లైన్ ఉన్న ఇళ్ళలో ఊరంతా చీకటైనా ఫోన్ మోగడానికి కారణం ఇదే. ఇప్పుడు ఫైబర్ లైను వచ్చిన ఇంట్లో కరెంటు లేకపోతే ఇంటి పరికరం కూడా ఆగుతుంది. అక్కడ అండ బాధ్యత ఎక్స్చేంజీ నుంచి మన ఇంటికి మారింది.

రైలు పట్టాలు నేర్పిన పాఠం

మూడో ప్రశ్నకు మొదటి జవాబు రైల్వేలో దొరికింది. అమెరికాలో విలియం రాబిన్సన్ అనే ఇంజనీరు పట్టాల మీద రైలు ఉన్నదీ లేనిదీ తెలిపే సాధనం కోసం పనిచేశాడు. అతని తొలి ఏర్పాటులో రైలు వచ్చినప్పుడు మాత్రమే కరెంటు ప్రవహించి ప్రమాద సంకేతం పడేది. ఇందులో ఒక లోపం ఉంది. తీగ తెగినా, ఘటం నీరసించినా కరెంటు పారదు. అప్పుడు పట్టాల మీద రైలు ఉన్నా దారి ఖాళీగా ఉందన్న సంకేతమే కనిపిస్తుంది.

1872లో రాబిన్సన్ దీన్ని తలకిందులు చేశాడు. ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే, మధ్యలో రెండు పట్టాలే తీగలు. దారి ఖాళీగా ఉన్నంతసేపూ కరెంటు పారుతూ రిలేను పైకి ఎత్తి పట్టుకుంటుంది. రైలు వస్తే దాని చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. రిలేకు కరెంటు అందదు, అది కింద పడుతుంది, ఎర్ర సంకేతం వస్తుంది. తీగ తెగినా అదే జరుగుతుంది. ఘటం చచ్చిపోయినా అదే జరుగుతుంది. అనుమతి ఇవ్వడానికి కరెంటు కావాలి, ఆపడానికి ఏమీ అక్కర్లేదు. చెడిపోయినప్పుడు క్షేమమైన వైపుకే ఒరిగే ఈ స్వభావాన్ని ఇంజనీర్లు ఫెయిల్-సేఫ్ అన్నారు.

ఇక విద్యుత్ సబ్‌స్టేషన్‌కు రండి. అక్కడి సర్క్యూట్ బ్రేకరు సంగతి సరిగ్గా వ్యతిరేకం. లైనులో షార్ట్ సర్క్యూట్ వచ్చినప్పుడు బ్రేకరు తెరుచుకోవాలంటే ట్రిప్ కాయిల్‌కు కరెంటు అందాలి. షార్ట్ సర్క్యూట్ వచ్చిన ఆ క్షణంలో లైను వోల్టేజీ పడిపోతుంది కనుక దాన్ని నమ్ముకోలేం. అందుకే సబ్‌స్టేషన్లలో 110 లేదా 220 వోల్టుల బ్యాటరీ వరుసలు పెడతారు. ఇక్కడ బ్యాటరీ చచ్చిపోతే బ్రేకరు మూసుకునే ఉంటుంది, పరికరం కాలిపోతుంది. రైల్వేలో చచ్చిన బ్యాటరీ రైలును ఆపుతుంది. సబ్‌స్టేషన్‌లో చచ్చిన బ్యాటరీ ప్రమాదాన్ని ఆపలేదు. కాబట్టి బ్యాటరీ ఎంత పెద్దది కావాలో నిర్ణయించే ముందు, మీ యంత్రం ఈ రెండు కుటుంబాల్లో దేనికి చెందిందో తేల్చుకోవాలి.

జ్ఞాపకానికి కూడా బ్యాటరీ

ఇరవయ్యో శతాబ్దం సగం దాటేదాకా కర్మాగారాల్లో నియంత్రణ అంటే గోడల నిండా రిలేలే. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన హైడ్రామాటిక్ విభాగం రిలే పెట్టెలకు బదులు ఎలక్ట్రానిక్ సాధనం కావాలని కోరింది. కారు నమూనా మారినప్పుడల్లా తీగలన్నీ మళ్ళీ వేయవలసి రావడం దాని బాధ. రిచర్డ్ మోర్లీ బృందం తయారుచేసిన మోడికాన్ 084 ఆ అవసరాన్ని తీర్చింది. అది వారి 84వ ప్రాజెక్టు కనుక ఆ పేరు వచ్చింది. ఈ రకం సాధనాలకే తరువాత ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, పొట్టిగా పీఎల్‌సీ, అనే పేరు స్థిరపడింది.

ఆ తొలి తరం యంత్రాల్లో అయస్కాంత కోర్ మెమరీ వాడేవారు. చిన్న చిన్న ఫెరైట్ ఉంగరాలు ఎటు అయస్కాంతీకరించబడి ఉన్నాయన్నదే సమాచారం. కరెంటు తీసేసినా ఉంగరం తన దిశను మరచిపోదు. 1970ల్లో సెమీకండక్టర్ మెమరీ చవకగా, చిన్నగా, వేగంగా వచ్చింది. కాని దానికి ఒక బలహీనత ఉంది. కరెంటు పోతే అందులో రాసినదంతా చెరిగిపోతుంది. ఒక సౌకర్యం పెరిగి ఒక భద్రత తగ్గింది. ఆ లోటు పూడ్చడానికే పీఎల్‌సీ లోపల చిన్న లిథియం ఘటం చేరింది.

రూపాయి బిళ్ళంత, లేదా వేలెడంత ఉండే ఈ ఘటం యంత్రాన్ని నడపలేదు. మెమరీ చిప్పుకు మైక్రో ఆంపియర్లలో కరెంటు ఇస్తూ అందులోని ప్రోగ్రామును మాత్రమే కాపాడుతుంది. లిథియం థయోనిల్ క్లోరైడ్ రకం 3.6 వోల్టులు ఇస్తుంది. వాడకుండా ఉంచితే ఏడాదికి సుమారు 1 శాతం మాత్రమే తరిగిపోతుంది. ఆ ఓపికే దాని విలువ. ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలా పాత పీఎల్‌సీలలో ఈ ఘటాన్ని మార్చాలంటే యంత్రానికి కరెంటు ఉండగానే మార్చాలి. భద్రత కోసమని మెయిన్ స్విచ్ తీసి ఘటం విప్పితే, ప్రోగ్రాము మొత్తం పోతుంది. ప్యానెల్ మీద బ్యాటరీ హెచ్చరిక దీపం వెలిగినా పట్టించుకోక, వార్షిక మరమ్మతుకు కరెంటు తీసినప్పుడు ప్రోగ్రాము పోయి లైను నిలిచిపోవడం ఇలాంటి యంత్రాలు ఉన్న చోట ఎప్పుడూ పొంచి ఉండే ప్రమాదమే.

1980లలో వచ్చిన ఫ్లాష్ మెమరీ కరెంటు లేకపోయినా సమాచారాన్ని నిలుపుకోగలదు. ఇప్పటి కంట్రోలర్లలో ప్రోగ్రాము సాధారణంగా అందులోనే ఉంటుంది. ఘటం ఇంకా ఉన్న చోట గడియారాన్నీ, క్షణక్షణం మారే విలువలనూ నిలుపుతుంది. అంటే కోర్ మెమరీ ఇచ్చిన భద్రత దశాబ్దాల తరువాత మరో రూపంలో తిరిగి వచ్చింది.

ఒక లెక్క చేసి చూద్దాం

ఇప్పుడు మీరే ఇంజనీరు అనుకోండి. ఒక కర్మాగారంలో 24 వోల్టుల డీసీ మీద నడిచే పీఎల్‌సీ ఉంది. కంట్రోలరుకూ దాని మాడ్యూళ్ళకూ కలిపి 2 ఆంపియర్లు, సెన్సర్లకు 1, ముఖ్యమైన వాల్వులకు 2, తెరకూ ఇతర దీపాలకూ మరో 2. మొత్తం 7 ఆంపియర్లు. కరెంటు పోయాక రెండు గంటలు నిలవాలి.

మొదటి పని బ్యాటరీ కొనడం కాదు, భారం తగ్గించడం. తెర ఆరిపోయినా ప్రక్రియకు హాని లేదనుకుంటే అవసరమైనది 5 ఆంపియర్లే. రెండు గంటలకు 10 ఆంపియర్ అవర్లు. అయితే 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ చాలుతుందా? చాలదు.

లెడ్-ఆసిడ్ బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి పడిపోయినప్పుడు దాని ఆయువు తీరినట్టు లెక్కిస్తారు. చివరి రోజున కూడా పని జరగాలి కనుక 10ని 0.8తో భాగించాలి. 12.5 వస్తుంది. రేపు మరో సెన్సరు చేరుతుందని 15 శాతం అదనం కలిపితే 14.4. ఇంకొకటి ఉంది. బ్యాటరీ మీద రాసిన సామర్థ్యం 10 లేదా 20 గంటల పాటు నెమ్మదిగా తీసినప్పటి లెక్క. తొందరగా తీస్తే తక్కువ వస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త పైకర్ట్ 1897లోనే ఈ సంబంధాన్ని సూత్రంగా చెప్పాడు. రెండు గంటల్లో తీస్తే సుమారు 60 శాతమే వస్తుందని అనుకుందాం. 14.4ని 0.6తో భాగిస్తే 24. కాగితం మీద 10తో మొదలైన లెక్క 24కి చేరింది. మార్కెట్లో దొరికే 26 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరుసగా కలపాలి. అసలు పనిలో ఈ 60 శాతం బదులు తయారీదారు ఇచ్చే పట్టికను చూడాలి.

తరువాత వోల్టేజీ. 24 వోల్టుల పరికరాలు సాధారణంగా 20.4 నుంచి 28.8 వోల్టుల మధ్య పనిచేయాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. 24 వోల్టుల బ్యాటరీలో 12 ఘటాలు ఉంటాయి. ఫ్లోట్‌లో ఘటానికి 2.25 చొప్పున 27 వోల్టులు. పూర్తిగా వాడేశాక ఘటానికి 1.75 చొప్పున 21 వోల్టులు. అంటే చివరి నిమిషాల్లో బ్యాటరీకీ కంట్రోలరుకూ మధ్య తీగలో 0.6 వోల్టుకు మించి పోకూడదు. 5 ఆంపియర్లకు 0.6 వోల్టు అంటే తీగ నిరోధం 0.12 ఓమ్ దాటరాదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు సుమారు 0.012 ఓమ్. పోనూ రానూ కలిపి 10 మీటర్లు, అంటే బ్యాటరీ 5 మీటర్ల దూరంలోపే ఉండాలి. ఇంకా దూరమైతే లావు తీగ వేయాలి. రెండు గంటలకని కొన్న బ్యాటరీ గంటన్నరకే చేతులెత్తేస్తే, తప్పు బ్యాటరీది కాక ఈ సన్నని తీగది కావచ్చు.

చార్జరు 7 ఆంపియర్ల మామూలు భారాన్ని మోస్తూనే, ఖాళీ అయిన బ్యాటరీకి 2.6 ఆంపియర్ల వరకు ఇవ్వగలగాలి. కనుక 10 ఆంపియర్లు కావాలి. బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడే అవకాశం ఉంది కనుక గాలి ఆడాలి.

ఇక మన వాతావరణం. ఈ బ్యాటరీల ఆయువును 25 డిగ్రీల దగ్గర లెక్కిస్తారు. ఆపైన ప్రతి 10 డిగ్రీలకు ఆయువు దాదాపు సగం అవుతుంది. రామగుండంలోనో విజయవాడలోనో వేసవిలో ఇనుప ప్యానెల్ లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించండి. పదేళ్ళ బ్యాటరీ 35 డిగ్రీలలో ఐదేళ్ళే వస్తుంది. తయారీదారు రాసిన సంఖ్యను మన ఎండకు సరిచూసుకోవాలి. బ్యాటరీని ప్యానెల్ పైభాగంలో కాక అడుగున పెట్టాలి, ఎందుకంటే వేడి గాలి పైకి చేరుతుంది.

ఇక్కడ మూడో ప్రశ్న తిరిగి వస్తుంది. రెండు గంటలు అయిపోయాయి, కరెంటు రాలేదు. అప్పుడు? కరెంటు పోయిందన్న సమాచారం ఒక తీగ ద్వారా, బ్యాటరీ తగ్గిపోతోందన్న సమాచారం మరో తీగ ద్వారా కంట్రోలరుకు చేరాలి. బ్యాటరీ పూర్తిగా అయిపోకముందే అది వాల్వులను క్షేమమైన స్థితికి తెచ్చి, విలువలను భద్రపరచి, వరుసగా ఆగాలి. ఆ తరువాతే బ్యాటరీని తెంపే రిలే పనిచేయాలి. తిరిగి కరెంటు వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను మొదలు కావాలా, మనిషి అనుమతి కోసం ఆగాలా అన్నదీ ముందే రాసి ఉండాలి.

నరోరా, 1993

బ్యాటరీ, జనరేటర్ రెండూ ఉన్నా ఫలితం లేకపోయిన సందర్భాలు ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో గంగానది ఒడ్డున ఉన్న నరోరా అణు విద్యుత్ కేంద్రంలో 1993 మార్చి 31 తెల్లవారుజామున మొదటి యూనిట్ టర్బైన్‌లో రెండు బ్లేడ్లు విరిగాయి. తీవ్రమైన కుదుపులకు జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ వాయువు బయటికి వచ్చి మంటలు లేచాయి. మంట కేబుళ్ళ వెంట పాకింది. కంట్రోల్ గదిని పొగ కమ్మేయడంతో సిబ్బంది బయటికి రావలసి వచ్చింది.

ప్రత్యామ్నాయ విద్యుత్ వనరులు అక్కడ ఉన్నాయి. కాని వాటి కేబుళ్ళు ప్రధాన కేబుళ్ళ నుంచి తగినంత వేరుగా, మంటలను ఆపే అడ్డుగోడలతో లేవు. అన్నీ కలిసి కాలిపోయాయి. యూనిట్ సుమారు 17 గంటలు పూర్తిగా కరెంటు లేకుండా ఉంది. సిబ్బంది వెంటనే రియాక్టర్‌ను ఆపగలిగారు. కాని అది మళ్ళీ జీవం పోసుకోకుండా చూడాలి. కొందరు చేతిలో టార్చిలైట్లతో పైకి ఎక్కి వాల్వులను చేత్తో తెరిచారు. బోరాన్ ద్రావణం గురుత్వాకర్షణతో కిందికి దిగింది. డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో నీళ్ళు అందించి రియాక్టర్ వేడిని అదుపు చేశారు. ఎవరి ప్రాణాలూ పోలేదు. అంతర్జాతీయ అణు ప్రమాదాల కొలబద్దపై ఇది 3వ స్థాయి ఘటన.

ఈ ఘటనలో రెండు పాఠాలు ఉన్నాయి. రెండు వనరులు ఒకే దారిలో నడిస్తే అవి రెండు కావు, ఒకటే. రెండోది, ఆ రోజు ఆదుకున్నది ఏ కరెంటూ అక్కర్లేని శక్తి. నీళ్ళు పల్లానికే పారతాయన్న సంగతిని ఎవరో ముందే ఆలోచించి డిజైన్‌లో పెట్టారు.

ఫుకుషిమా, 2011

జపాన్‌లో 2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కి భూకంపం వచ్చింది. ఫుకుషిమా దాయిచి కేంద్రంలో నడుస్తున్న మూడు రియాక్టర్లూ వాటంతట అవే ఆగాయి. బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు లేచాయి. సుమారు 50 నిమిషాల తరువాత సునామీ ముంచెత్తింది. జనరేటర్లతోపాటు 1, 2 యూనిట్ల బ్యాటరీలూ స్విచ్‌బోర్డులూ మునిగాయి. కంట్రోల్ గదిలో మీటర్లు ఆరిపోయాయి. లోపల నీటి మట్టం ఎంతో ఎవరికీ తెలియలేదు. సిబ్బంది తమ వాహనాల బ్యాటరీలు విప్పి తెచ్చి మీటర్లకు తగిలించారు. ఆవిరిని వదిలే వాల్వు తెరవడానికి 120 వోల్టులు కావాలి కనుక 12 వోల్టుల కారు బ్యాటరీలు పదింటిని వరుసగా కలిపారు.

ఒకటో యూనిట్‌లో జరిగింది మన మూడో ప్రశ్నకు సూటిగా తగులుతుంది. అక్కడ కరెంటు లేకుండానే ఆవిరిని చల్లబరిచి నీరుగా తిరిగి పంపే ఐసొలేషన్ కండెన్సర్ అనే పరికరం ఉంది. దాని గొట్టం పగిలితే రేడియోధార్మిక ఆవిరి బయటికి పోకుండా వాల్వులు మూసుకోవాలి. గొట్టం పగిలిందని కనిపెట్టే సర్క్యూట్‌కు డీసీ కరెంటు పోతే ఏం చేయాలి? ప్రమాదం జరిగినట్టే భావించి మూసేయాలని ఫెయిల్-సేఫ్ తర్కంతో నిర్ణయించారు. రాబిన్సన్ రిలే కింద పడినట్టే అది పనిచేసింది. మూసుకోమన్న సంకేతం వెళ్ళింది. గొట్టం పగలలేదు, కాని చల్లబరిచే మార్గం మూసుకుపోయింది. సూచిక దీపాలు ఆరిపోయినందువల్ల ఆ సంగతి నిర్ధారించుకునే దారి లేదు. ఆ రాత్రికే రియాక్టర్ గర్భం కరగడం మొదలైంది.

రైలుకు ఆగడమే క్షేమం. ఆపిన తరువాత కూడా వేడి పుట్టే రియాక్టర్‌కు చల్లబరచడం ఆగితే క్షేమం కాదు. ఒకే తర్కం ఒకచోట ప్రాణం కాపాడి మరోచోట ముప్పు తెచ్చింది. ఫెయిల్-సేఫ్ అనేది అంతటా వర్తించే మంత్రం కాదు. ఏ ప్రమాదం నుంచి క్షేమం అని అడిగి తీరాలి.

మూడో యూనిట్‌లో బ్యాటరీలు కొంచెం ఎత్తులో ఉండటంతో బతికాయి. సిబ్బంది అవసరం లేని భారాలను ఒక్కొక్కటే తీసేసి వాటిని పొదుపుగా వాడారు. సునామీ తరువాత దాదాపు 35 గంటల పాటు రియాక్టర్‌కు నీరు అందింది. చివరికి బ్యాటరీలు అలసిపోయాయి, ఆపిన పంపును తిరిగి మొదలుపెట్టలేకపోయారు. ఆరో యూనిట్‌లో ఎత్తైన చోట ఉన్న, గాలితో చల్లబడే ఒక డీజిల్ జనరేటర్ నడిచింది. అదే 5, 6 యూనిట్లను కాపాడింది. అక్కడ తేడా యంత్రాల నాణ్యతలో కన్నా అవి ఉన్న ఎత్తులో ఎక్కువగా ఉంది.

మనం నేర్చుకోవలసినది

ఈ రంగంతో తెలుగు నేలకూ సంబంధం ఉంది. తిరుపతి సమీపంలోని కరకంబాడిలో పరిశ్రమలకు, టెలిఫోన్ ఎక్స్చేంజీలకు వాడే సీలు చేసిన లెడ్-ఆసిడ్ బ్యాటరీలు తయారయ్యాయి. హైదరాబాద్‌లో 1967లో స్థాపించిన ఈసీఐఎల్ అణు విద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు తయారుచేసింది. మీలో కొందరు రేపు ఇలాంటి చోట్ల పనిచేయవచ్చు. లెడ్-ఆసిడ్ బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు మీ చేతికి రావచ్చు. రసాయనం మారినా ప్రశ్నలు మారవు.

ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోండి. ఫ్లోట్‌లో ఉన్న బ్యాటరీ 27 వోల్టులు చూపుతున్నంత మాత్రాన అది బతికి ఉన్నట్టు కాదు. ఆ వోల్టేజీ చార్జరుది కావచ్చు. చార్జరు ఆపి, నిజమైన భారం మీద, గడియారం చూస్తూ పరీక్షించినప్పుడే దాని బలం తెలుస్తుంది. పరీక్షించని అండ ఉన్నదన్న నమ్మకం, అండ లేకపోవడం కన్నా ప్రమాదకరం. అండ లేదని తెలిసినవాడు కనీసం జాగ్రత్తగా ఉంటాడు.

డిజైన్ మొదలుపెట్టేటప్పుడు ఆంపియర్ అవర్ల లెక్క కన్నా ముందు కాగితం మీద ఒక వాక్యం రాయండి: "బ్యాటరీ కూడా అయిపోయినప్పుడు ఈ యంత్రం ఈ స్థితిలో ఆగుతుంది, ఎందుకంటే..." ఆ వాక్యాన్ని మీరు పూర్తి చేయలేకపోతే ఎంత పెద్ద బ్యాటరీ కొన్నా ఆ ప్రశ్న కొన్ని గంటలు వాయిదా పడుతుందే తప్ప తీరదు.

ఆలోచించండి

1. మీ ఊరి నీటి ట్యాంకు నింపే పంపుకు కంట్రోలరు పెడితే, కరెంటు పోయినప్పుడు ఏవి మేలుకొని ఉండాలి? ఏవి ఆగిపోయినా ఫరవాలేదు?

2. ఆసుపత్రి ఆక్సిజన్ వాల్వు కరెంటు లేనప్పుడు తెరుచుకొని ఉండాలా, మూసుకోవాలా? వంటగ్యాస్ వాల్వు సంగతి ఏమిటి? తేడా ఎందుకు వచ్చింది?

3. పై లెక్కలో రెండు గంటల బదులు నాలుగు గంటలు కావాలంటే బ్యాటరీ సరిగ్గా రెట్టింపు కావాలా? పైకర్ట్ సూత్రాన్ని దృష్టిలో ఉంచుకొని చెప్పండి.